పిక్క మీద నీలం పట్టీ

కురిటీబాలో జూన్ నెల.
గది చల్లగా ఉంటుంది, నా వేళ్ళు అంతకన్నా.
అరచేతులు రుద్దుకుని
వల్డెమీరో పిక్క మీద పెడతాను.
ఉలిక్కిపడి నవ్వుతాడు.

రాత్రంతా చెత్తబండి వెనక పరిగెత్తి వచ్చిన కాలు.
ఎక్కడం, దూకడం, సంచి విసరడం, మళ్ళీ పరుగు.
పద్దెనిమిదేళ్ళుగా
బండి అతని కోసం ఆగింది లేదు.
పిక్కబలం చూపడమంటే పారిపోవడమంటారు,
ఇతను వెంటపడటానికే వాడాడు ఆ బలమంతా.

బ్లేడుతో వెంట్రుకలు తీస్తాను.
స్పిరిట్ దూదితో తుడుస్తాను.
పట్టీ మూలలు గుండ్రంగా కత్తిరిస్తాను,
కోసుగా వదిలితే సాక్సు తగిలి లేచిపోతుంది.
మడమ దగ్గర లంగరు,
అక్కణ్ణుంచి రెండు పాయలు పైకి
పంగలకర్రలా.

గోడవైపు తిరిగి కవరు చించుతాను.
లాగి అంటించమంటుంది ఒక వారం,
ఊరికే పరిచి వదలమంటుంది ఇంకో వారం,
ఏమీ వద్దంటుంది మరో వారం.
ఏదో అతనికి చెప్పకూడదు
(ఏమీ లేని వారం మాత్రం
ఎవరు చెప్పాలి, చలే చెబుతుంది).

"ఇది అసలుదేనా?" అంటాడు.
"మీ అబ్బాయికి పన్ను ఊడిందా?" అంటాను.

యంత్రం పలకకి పాదం బిగించాక
ఇరాసీ అరుస్తుంది: తొయ్యి! తొయ్యి! ఇంకా!
మెడ నరాలు తాళ్ళవుతాయి.
తర్వాత ఒంటికాలి గెంతు,
నేల మీద సుద్దగీత.
నూట నలభై ఒకటి.
నూట నలభై రెండు.
నూట నలభై ఒకటి.
ఇరవై ఏడుగురి కాళ్ళు కలిపి సరాసరి తీస్తే
తెర మీద మూడు గీతలు
ఒకే దుప్పటి కింద దూరిన అన్నదమ్ముల్లా.
ఎవరి మోకాలు ఎవరిదో తెలీదు.

ఇరాసీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
నేను చుట్టలున్న డబ్బా వైపు చూశాను:
నీలం, గులాబీ, నలుపు.
తొమ్మిదేళ్ళు ఫుట్‌బాల్ కుర్రాళ్ళ తొడలకి
ఇదే అంటించి
వీపు తట్టి మైదానంలోకి పంపాను,
బలం వస్తుంది పో అని.
అబద్ధం కాదు, నమ్మే చెప్పాను.
నమ్మి చెప్పినదాన్ని ఏమంటారో
ఇప్పుడు వెతుక్కోవాలి.

ఎవరో పిక్క పట్టుకుని ఉన్నట్టుందని
రెండో వారం అన్నాడతను.
ఆ మాట రాసే గడి
మా కాగితంలో లేదు.
అంచులో పెన్సిలుతో రాసింది ఇరాసీ,
మళ్ళీ ఎందుకో చెరిపేసింది.
రెండో వారం ఊరికే పరిచిన వారం.

చివరి రోజు చెప్పేశాను అంతా.
ఉప్పునీళ్ళలో ఉడికిన అరౌకారియా గింజలు
కాగితం పొట్లంలో తెచ్చాడు,
ఒక్కొక్కటే పంటితో చీల్చి తింటూ విన్నాడు.
"మొన్న మా బండికి కొత్తగా ఎర్రగీత వేశారు" అన్నాడు,
"వేగం పెరగలేదు."
నవ్వాను. అతను నవ్వలేదు, గింజ నములుతున్నాడు.

మరి కాలికి ఏం చెయ్యాలి?
మడమలెత్తి దించు, రోజుకి మూడు విడతలు.
నిద్రపో.
డ్రైవరు కాస్త నెమ్మదిగా పోతే...
అక్కడ ఆగిపోయాను.
దాన్ని ఏ కవరులోనూ పెట్టలేదు మేము.

వెళ్తూ వెళ్తూ చుట్టలో మిగిలిన జానెడు ముక్క అడిగాడు.
కాలికి అనుకున్నాను.
జేబులోంచి చేతితొడుగు తీశాడు,
బొటనవేలి దగ్గర చినిగింది,
గాజుపెంకులు దూరేది అక్కడే.
మూలలు నేనే గుండ్రంగా కత్తిరించి ఇచ్చాను.
బాగా లాగి అంటించుకున్నాడు.

బుధవారం రాత్రి పదకొండున్నరకి
మా సందులో బండి.
కిటికీ తెరిచేలోపు
నా సంచి లేచింది, గాలిలో తిరిగింది, పడింది.
దీపస్తంభం కింద ఒక్క క్షణం
నీలం బొటనవేలు.
కుంటుతున్నాడో లేదో చూద్దామనుకున్నాను.
బండి మలుపు తిరిగింది.